స్థలం: పైదే

మన తూర్పు కనుమల మొక్కల పటం ఎప్పుడైనా చూశారా? ఏ మొక్క ఎక్కడ దొరికితే అక్కడ ఒక పచ్చచుక్క పెడతారు. ఆ చుక్కల్ని చూస్తే, మొక్కలు ఘాట్ రోడ్ల పక్కనా గెస్ట్ హౌసుల చుట్టూ మాత్రమే మొలుస్తాయేమోననిపిస్తుంది. మిగతా కొండలన్నీ తెల్లగా ఉంటాయి. అక్కడ మొక్కలు లేక కాదు, వెళ్ళి చూసిన మనిషి లేక. జీపు ఆగినచోట దిగి, సాయంత్రం టీ వేళకి తిరిగి రాగలిగినంత దూరంలో ఉన్నవాటికే శాస్త్రంలో పేర్లు దక్కాయి. మిగతావి ఎవరికీ తెలియకుండా పూస్తున్నాయి, ఎండిపోతున్నాయి.

ఈ మాటని బోటనీ పాఠాలు చెప్పే కోరాడ సింహాద్రి తన విద్యార్థుల దగ్గర చెప్పి చెప్పి అరగదీశాడు. చెప్పి ఊరుకునే రకమూ కాదు. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, మొక్కల్ని నొక్కిపెట్టే చెక్క ప్రెస్సు వీపున కట్టుకుని ఏజెన్సీ కొండలెక్కేసేవాడు. అలా ఎక్కిన మనిషి ఇరవై రెండేళ్ళ క్రితం ఒక శ్రావణమాసంలో మళ్ళీ దిగలేదు.

ఆయన భార్య నూకరత్నం విశాఖపట్నంలో ఒక హెర్బేరియానికి క్యూరేటరు. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకి కుట్టి, పక్కన వివరాల చీటీ అతికించి, బీరువాల్లో దాచే చోటది. నలభై వేల షీట్లలో ఏది ఏ అరలో ఉందో ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఒక్క షీటు మాత్రం ఏ బీరువాలోనూ లేదు. ఆవిడ బల్ల సొరుగులో ఉంది. అది నిబంధనలకి విరుద్ధం. అయినా ఇన్నేళ్ళలో ఆ ఆఫీసులో ఒక్కరూ ఆ సంగతి ఎత్తలేదు.

అది సింహాద్రి ఆఖరి షీటు, నంబరు 1147. దాని మీద ఒక్క ఆకు, ఒక్క పువ్వు. ఆకు అరచేయంత, అడుగున మెత్తని నూగు. పువ్వు బొటనవేలంత, ఎండి టీ రంగుకి తిరిగింది. ఆకుని చూసినవాళ్ళు ఒక కుటుంబం పేరు చెబుతారు, పువ్వుని చూసినవాళ్ళు ఇంకో కుటుంబం పేరు. ఫొటోలు పంపితే మూడు దేశాల నిపుణులు మూడు రకాలుగా వాదించుకుని, చివరికి ముగ్గురూ ఒకటే అడిగారు, వేరుతో సహా పూర్తి మొక్క ఉందా అని. లేదు. అది దొరికేదాకా ఆ మొక్కకి పేరు పెట్టడం కుదరదు.

చీటీ మీద తేదీ ఆగస్టు 11. స్థలం అన్నచోట పెన్సిల్‌తో ‘పైదే’ అని ఉంది. పుస్తకాల్లో పేజీ అడుగున ‘పైదే, పుట 45’ అని వేస్తారు చూడండి, అలాగన్నమాట. అంటే పై షీటులో ఏ చోటు రాశానో ఇదీ అక్కడిదే అని. పై షీటు 1146లో ‘గుమ్మగరువు ఊరి దిగువన గుమ్మగెడ్డ ఒడ్డు’ అని ఉంది. ఆ గెడ్డ, అంటే కొండవాగు, ఒడ్డుకి నూకరత్నం ఇరవై రెండేళ్ళలో పద్నాలుగుసార్లు వెళ్ళింది. మొక్కా దొరకలేదు, మొగుడూ దొరకలేదు.

అదే సొరుగులో ఆయన ఉత్తరాలు కూడా ఉన్నాయి. పెళ్ళికి ముందు రాసినవి. సింహాద్రికి అక్షరాల గుడి మూసే అలవాటు లేదు. గుడి గుండ్రంగా తిప్పి కలపకుండా సగంలో వదిలేసేవాడు. దాంతో ‘ప్రియమైన’ అని రాస్తే ‘ప్రెయమైన’ అని కనబడేది. “ఈ ప్రెయమేంటండీ, కొత్తగా కనిపెట్టిన మొక్కా?” అని ఆవిడ ఏడిపించేది. ఆయన మళ్ళీ ఉత్తరంలోనూ ప్రెయమైన అనే రాసేవాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు కాపురం చేసినా ఆ గుడి మూయించడం ఆవిడ వల్ల కాలేదు.

వాళ్ళమ్మాయి మేదినికి అప్పుడు నాలుగేళ్ళు. తండ్రి అంటే ఆ పిల్లకి ఒక సొరుగు. అది తెరిచినప్పుడల్లా అమ్మ ఎందుకు మాట్లాడదో తెలిసే వయసొచ్చాక, తనూ దాని జోలికి పోవడం మానేసింది. చదువు మాత్రం ఎటు తిరిగి ఎటొచ్చినా ఆకుల దగ్గరికే తెచ్చింది.

ఆమె బృందం మూడేళ్ళు తంటాలు పడి ఒక యంత్రం చేసింది. కాగితాల మీద దాని పేరు ఒక బారెడుంటుంది గానీ ల్యాబులో అందరూ ‘చదువరి’ అంటారు. ఇడ్లీ కుక్కరంత ఉంటుంది. లోపల ఎండుటాకు పెడితే సన్నటి కాంతితో పొర వెనక పొర కాలుస్తుంది. కొండ నెత్తిన కురిసిన వానా, కింద కురిసిన వానా బరువులో ఒకటి కావు. ఆకు ఏ నీళ్ళు తాగి పెరిగిందో ఆ లెక్క దాని ఈనెల్లో ఉండిపోతుంది. ఎంత ఎత్తున పెరిగింది, ఎంత మంచు పట్టింది, ఏ రాతి మీద నిలిచింది, ఎన్ని గంటలు ఎండ చూసింది, చదువరి అన్నీ చెబుతుంది. చెప్పడం అయ్యాక లోపల చిటికెడు బూడిద మిగులుతుంది.

హెర్బేరియంలో ‘కొండ మీద’, ‘దారిలో’ అని బద్ధకంగా చీటీ రాసి వదిలేసిన పాత షీట్లు బోలెడున్నాయి. ఆకులు ఎక్కువున్నవాటిలోంచి ఒక్కోటి తీసి చదువరికిచ్చారు. నెల తిరిగేసరికి అరవై ఆకులు బూడిదయ్యాయి, పటంలో తెల్లటిచోట అరవై చుక్కలు పడ్డాయి. నూకరత్నం ఆ అరవైకీ సంతకాలు పెట్టింది. పెట్టిన ప్రతిసారీ చెయ్యి కడుక్కుని వచ్చింది.

ఒకరోజు సాయంత్రం నూకరత్నం వంటింట్లో తోటకూర తరుగుతుంటే మేదిని వచ్చి ఎదురుగా పీట వేసుకుంది.

“అమ్మా, మెషీన్ నెలాఖరుకి బెంగుళూరు వెళ్ళిపోతుంది. మళ్ళీ ఇక్కడికి ఎప్పుడొస్తుందో తెలీదు.”

“అయితే?”

“ఒక్క షీటు మిగిలిపోయింది.”

ఏ షీటో ఆవిడ అడగలేదు. కత్తిపీట మీద చెయ్యి ఆగింది. “దానికి ఒక్క ఆకే ఉందే” అంది.

“తెలుసు.”

“అది కాలిస్తే మిగిలేది పువ్వొక్కటి. రేపు మొక్క దొరక్కపోతే, అలాంటిదొకటి భూమ్మీద ఉండేదని చూపించడానికి ఇంకేం ఉండదు.”

“కాల్చకపోతే ఎక్కడుందో ఎప్పటికీ తెలీదు. పద్నాలుగుసార్లు వెళ్ళావు. దొరికిందా?”

“వరదలకి గట్లు తెగుతాయి, చోటు మారిపోతుంది. మొన్నటేడు కొంచెం దిగువకి చూసుంటే...”

“నువ్వు మొక్క గురించి చెప్తున్నావా, నాన్న గురించా?”

నూకరత్నం తరిగిన కూర పళ్ళెంలోకి తోసింది. “ఆ ఆకు అంచున ఆయన వేలిముద్ర ఉంది మేదినీ. మట్టిచేత్తో పట్టుకున్నారు. అది కూడా కాలిపోతుంది” అంది.

మేదిని కాడలు ఏరి పక్కన పెడుతూ నెమ్మదిగా చెప్పింది. “నువ్వాయన్ని చూశావమ్మా. పోట్లాడావు, వండిపెట్టావు, ఉత్తరాలు రాయించుకున్నావు. నీకు వేలిముద్ర సరిపోతుంది. నాకు సరిపోదు. ఆయన ఆ ఆకు కోసినప్పుడు ఎక్కడ నిలబడ్డాడో, అక్కడ నేనొకసారి నిలబడాలి. అంతకంటే నాకు ఆయన దగ్గర తీసుకోవడానికి ఇంకేం లేదు.”

నాలుగు రోజులు తల్లీకూతుళ్ళిద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఐదోరోజు పొద్దున నూకరత్నం సొరుగు తాళం తీసి, షీటు పట్టుకుని తనే ల్యాబుకి వెళ్ళింది. ఆకుని అట్టకి పట్టి ఉంచిన కుట్లు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సన్న కత్తెరతో ఒక్కొక్కటే తెంపింది. ఆకుని చిమటాతో ఎత్తి, అంచున ఉన్న మట్టి ముద్ర మీద తన బొటనవేలు ఒక్క క్షణం ఆనించి, చదువరిలో పెట్టింది.

“కానియ్యి” అంది కూతురితో.

మూత పడింది. సన్నగా రొద మొదలైంది. రెండో నిమిషంలో గదిలోకి ఒక వాసన వచ్చింది. పచ్చి అల్లం దంచినప్పటి ఘాటు, దాని వెనకాల కాగి చల్లారిన పాల వాసన. ల్యాబులో ఉన్నవాళ్ళందరూ చేస్తున్న పని ఆపి తలెత్తారు. అలాంటి వాసన వాళ్ళలో ఎవరికీ తెలియదు. నూకరత్నానికి తెలుసు. గుమ్మగరువులో సింహాద్రి బస చేసిన లచ్చన్న ఇంటి నుంచి ఆయన బట్టలు తెచ్చినప్పుడు, ఒక చొక్కాకి ఇదే వాసన ఉండేది. ఏదో కొండసబ్బు అనుకుంది. పదిరోజులు ఆ చొక్కాని తలగడ మీద పరుచుకుంది. పదకొండోరోజు వాసన పోయింది. ఇన్నేళ్ళుగా ఆ వాసన కోసం ఎన్ని సబ్బులు కొని చూసిందో ఆవిడకే తెలుసు. ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని, అది పోయేదాకా గుండె నిండా పీల్చుతూ నిలబడింది.

తెర మీద అంకెలు వచ్చాయి. మేదిని రెండుసార్లు చదివింది. మూడోసారి వేలు పెట్టి పైకి చదివింది.

“ఎత్తు పదిహేను వందల నలభై మీటర్లు. నల్లరాయి. వేరుకి నేలలో నీళ్ళు తగల్లేదు, మంచు మాత్రమే తాగింది. పొద్దున రెండు గంటలు ఎండ, అంతే.” తల్లివైపు తిరిగింది. “గుమ్మగెడ్డ ఎంత ఎత్తులో ఉంటుందమ్మా?”

“తొమ్మిది వందలు.”

“గెడ్డ పక్కన మొక్క గెడ్డ నీళ్ళు తాగకుండా ఎలా ఉంటుంది? మెషీన్ తప్పు చెప్పింది. అమ్మా, ఉన్న ఒక్క ఆకూ తగలబెట్టేశాను.” ఆ పిల్ల అంకెలు మళ్ళీ పైనుంచి చూసింది. “లేకపోతే నాన్న చీటీ తప్పయినా అయ్యుండాలి.”

“మీ నాన్న చీటీ తప్పు రాయరు” అంది నూకరత్నం. ఆ ఒక్క విషయంలో ఆవిడకి అనుమానం లేదు.

బోసిపోయిన షీటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, భూతద్దం పెట్టి చీటీ చూసింది. తర్వాత బీరువా తీసి 1146 తెచ్చింది. 1145 తెచ్చింది. 1144. అన్నీ ఆ గెడ్డ ఒడ్డున ఒకే పూట కోసినవే. ప్రతి చీటీ మీదా ‘గుమ్మగరువు ఊరి దిగువన గుమ్మగెడ్డ ఒడ్డు’ అని పూర్తిగా రాసి ఉంది. ఒక్కదాని మీదా ‘పైదే’ అని లేదు. ఎలా ఉంటుంది? విద్యార్థులెవరైనా అలా రాస్తే చీటీ చింపి చేతిలో పెట్టేవాడాయన. “రేపు షీట్లు చెదిరిపోతే పక్కదాన్ని ఎక్కడ వెతుక్కుంటావురా? ఏ చీటీ ఆ చీటీయే నిలబడాలి” అని కేకలేసేవాడు. ఆ కేకలు హెర్బేరియం గుమ్మం దాకా వినబడేవి. వెయ్యిన్నూట నలభై ఆరు చీటీల్లో ఒక్కసారీ వాడని మాట, వెయ్యిన్నూట నలభై ఏడోదాని మీద ఎందుకు వాడతాడు?

ఆవిడ మళ్ళీ భూతద్దం ఆ అక్షరం మీద పెట్టింది. ద మీద గీత పైకి లేచి, గుండ్రంగా తిరగబోయి, కలవకుండా ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ దాన్ని ఏత్వం అనుకుంది. అది మూయని గుడి. ప్రెయమైన.

“పైదే కాదే మేదినీ” అంది. తన గొంతు తనకే ఎక్కడో వినబడుతున్నట్టుంది. “పైది. అది చోటు పేరు.”

ఆ తర్వాత ఆవిడ కూర్చుండిపోయింది. ఎందుకంటే ఆ అక్షరం ఒక మొక్క సంగతితో ఆగదు. సింహాద్రి పదకొండున చీకటి పడుతుంటే చేతికందిన ఆకూ పువ్వూ మాత్రం కోసుకొచ్చి, పన్నెండో తేదీ పొద్దున, మిగతా మొక్క తెస్తానని చెప్పి ఒక్కడే వెళ్ళాడు. దారి చూపించే లచ్చన్న మలేరియా జ్వరంతో పడి ఉన్నాడు. ఆ మధ్యాహ్నం నుంచి ఏకధాటిగా వాన. పద్నాలుగున కబురంది నూకరత్నం గుమ్మగరువు చేరేసరికి, వెతకడానికొచ్చిన వాళ్ళు చూరు కింద నిలబడి ఏ వైపు వెళ్ళాలో తేల్చుకోలేకుండా ఉన్నారు. ఆయన ఎక్కడికెళ్ళాడో ఎవరికీ తెలియదు. ఆయన ఇంట్లో వదిలివెళ్ళిన ప్రెస్సు ఆవిడ విప్పి, అన్నిటికంటే పైనున్న 1147 చీటీ మీద ‘పైదే’ అని చదివి, దాని కింద ఉన్న 1146 తీసి చూసి, ‘గెడ్డ దగ్గరికి’ అని చెప్పింది. గెడ్డ పొంగి పొర్లుతోంది. తొమ్మిది రోజులు అందరూ గెడ్డ వెంబడి దిగువకి వెతికారు.

“నేనే చెప్పాను” అంది కూతురితో. “ఆయన పైనున్నారు. నేను అందర్నీ కిందకి తీసుకెళ్ళాను.”

మేదిని చదువరి మూత తీసి, చిటికెడు బూడిదని చిన్న కవరులోకి దులిపి, దాని మీద 1147 అని రాసి, తల్లి ముందు పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

రెండో శనివారం ఇద్దరూ బయల్దేరారు. ఆరు గంటల దారి. మేదిని రోడ్డు మీంచి చూపు తిప్పలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండుననిపించింది నూకరత్నానికి. తను కూడా ఏం మాట్లాడుతుంది? వేరే మనిషైతే తప్పు చదివిందనుకోవచ్చు. ఆయన చేతిరాత ప్రపంచంలో తనకంటే ఎవరికి బాగా తెలుసు?

లచ్చన్న పోయి ఎనిమిదేళ్ళయింది. ఆయన భార్య వంతాల బుద్రమ్మ ఇంటిముందు అరుగు మీద పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. సింహాద్రి బుద్రమ్మని అక్కా అనేవాడు కాబట్టి నూకరత్నానికి ఆవిడ వదిన. పద్నాలుగు రాకపోకల్లో ఆ వరస గట్టిపడింది.

“వదినా, పైది అంటే ఏంటి?” అని అడిగింది నూకరత్నం, కూర్చోకుండానే.

బుద్రమ్మ చేతిలో కొమ్ము చేతిలోనే ఉండిపోయింది. “ఎవులు సెప్పినారమ్మా నీకు?”

“మీ తమ్ముడే చెప్పారు. నేనే వినలేదు.”

“పైదంటే పైదే. కొండ నెత్తిన రాతి అరుగు. దానికి పేరుండదు. పేరెట్టి పిలిస్తే దానికి ఇనబడతాదని మా పెద్దోలు పైది అనీసి ఊరుకునేవోరు. వానల్లో అటుకేసి ఎవులూ ఎల్లరు.”

“ఇన్నిసార్లు వచ్చాను. ఒక్కసారైనా చెప్పలేదేం వదినా?”

“నువ్వు గెడ్డ ఏదని అడిగినావు. గెడ్డ సూపించినాం. పైది ఏదని అడగనేదు గదమ్మా.”

నూకరత్నం అరుగు మీద కూలబడింది. బుద్రమ్మ పసుపు చేతులు కొంగుకి తుడుచుకుని పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి చెప్పింది.

“మా ముసిలోడికి అనుమానం ఉండీది. జొరంలో ఉండి తమ్ముడికి పైది సంగతి సెప్పింది ఆడే. అక్కడ మంచులో ఒక పువ్వు పూస్తాదని కూడా సెప్పీసినాడు. కానీ నువ్వు కాయితం సదివి గెడ్డ అన్నావు. సదువుకున్నోలు సదివింది తప్పని మాం ఎలాగనేది? ఆపీసోలు కూడా గెడ్డే రాసుకున్నారు. నోరు మూసీసుకున్నాడు. సచ్చిపోయేదాకా ఆ మాట ఆడిని తినీసింది.”

“కేకలేసినా వినబడదా అక్కణ్ణుంచి?” మేదిని అడిగింది. పొద్దుటి నుంచీ ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

బుద్రమ్మ ఆమె మొహం చూసింది. తండ్రి పోలికలు కనబడ్డాయేమో, చెయ్యి పట్టుకుంది. “ఆ వానలో పక్కింటోడి కేక ఇనబడదు తల్లీ” అంది.

రాత్రంతా కురిసిన వాన మర్నాడు పొద్దున తెరిపిచ్చింది. బుద్రమ్మ ముందు నడిచింది. అరవై దాటిన మనిషి, వెనకవాళ్ళు ఆయాసపడుతుంటే ఆగి ఆగి చూసింది. కాఫీ తోటలు దాటారు, అడవి దాటారు, గడ్డి మాత్రమే ఉన్న వాలు ఎక్కారు. ఒక చపటా రాయి దగ్గర ఆవిడ నిలబడిపోయింది.

“ఇక్కడితో నా హద్దు. సెప్పులు ఇప్పీసి ఎల్లండి. తమ్ముడుంటే తెచ్చీసుకోండి. మనిసిని అక్కడ అలా వదిలీడం మా తప్పే.”

“మీ తప్పు కాదు వదినా” అంది నూకరత్నం.

తల్లీకూతుళ్ళు ఉత్తికాళ్ళతో పైకెక్కారు. మంచు కమ్ముకుంది. నాలుగడుగుల అవతల ఏముందో కనబడదు. దారి తప్పామేమోనని మేదిని ఆగింది. అప్పుడు గాలి తిరిగింది. పచ్చి అల్లం ఘాటు, వెనకాల చల్లారిన పాల వాసన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వాసన వెంబడే నడిచారు.

అరుగు నిండా అదే మొక్క. నల్లరాతి పగుళ్ళలో వేళ్ళు దూర్చుకుని, నూగాకుల మీద మంచు నీళ్ళు నిలుపుకుని, వందల మొక్కలు. పువ్వు తెలుపూ కాదు, నీలమూ కాదు. రెంటి మధ్య ఏదో రంగు. పటం మీద ఈ చోటు ఇప్పటికీ తెల్లగానే ఉంది. నూకరత్నం క్యూరేటరుగా ఇలాంటిచోట ఎగిరి గంతెయ్యాలి. ఆవిడ కళ్ళు పువ్వుల మీద నిలవలేదు. రాళ్ళ సందులు వెతుకుతున్నాయి.

మేదినే ముందు చూసింది. అరుగు చివర పైరాయి చూరులా ముందుకొచ్చిన చోట, చెక్క పలకలు రెండు. ఊళ్ళో వదిలిన పెద్ద ప్రెస్సువి కావు, విద్యార్థులు వాడేలాంటి చిన్న ప్రెస్సువి, వెంట తెచ్చుకున్నది. వాటి చుట్టూ తోలు పటకా చుట్టి, బకిల్ బిగించి ఉంది. మొక్కల్ని నొక్కడానికి కట్టిన కట్టు కాదది. విరిగిన కాలికి ఊతంగా కట్టుకున్నది. మిగిలింది కొంచెమే. దాని చుట్టూ ఆ మొక్కలు మిగతా చోటికంటే ఒత్తుగా పెరిగి ఉన్నాయి.

నూకరత్నం ఏడవలేదు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పటకా మీద నాచు వేలితో తుడిచింది. “బూట్లు కొనుక్కోండి, చెప్పులు జారతాయి అని ఎన్నిసార్లు చెప్పానో” అంది ఆయనతోనే.

చూరు లోపల పొడిచోట రేకుడబ్బా ఉంది. మొక్కలు మోసుకొచ్చే డబ్బా. మూత అంచుకి కొవ్వొత్తి మైనం పూసి మూసి ఉంది. మేదిని చాకుతో విప్పింది. లోపల న్యూస్‌పేపరు మడతల మధ్య పూర్తి మొక్క. వేరు, కాండం, ఆకులు, మొగ్గ, పువ్వు, కాయ. ఎండి, చెక్కుచెదరకుండా ఉంది. పైన చీటీ.

నంబరు 1148. తేదీ ఆగస్టు 19. స్థలం: పైది.

పంతొమ్మిది. ఆ రోజు తను ఎక్కడుందో నూకరత్నానికి గుర్తుంది. గెడ్డ మలుపులో, నడుం లోతు నీళ్ళలో, వెదురు కర్రతో పొదలు కదుపుతూ ఉంది. ఆయన పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. ఆయన ఇక్కడ కూర్చుని చీటీ రాస్తున్నాడు.

చీటీ అడుగున వివరాలు అన్నచోట సన్నటి పెన్సిల్ రాత ఉంది. మేదిని పైకి చదివింది. “పువ్వు తెల్లవారకముందే విచ్చుకుంటుంది. వాసన పొద్దెక్కేదాకా ఉంటుంది. తేనెటీగలు రావు, చిన్న రెక్కల పురుగొకటి వస్తుంది. ఏడు రోజులు వరసగా చూసి రాస్తున్నది. రత్నానికి చూపించాలి.”

అంతే ఉంది. సాయం కావాలని లేదు, నొప్పని లేదు. నూకరత్నం చీటీ తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. ఆఖరి వాక్యంలో ని, కి, పిం, లి. నాలుగు గుళ్ళూ గుండ్రంగా తిప్పి, కొస కొసకి కలిపి, పూర్తిగా మూసి ఉన్నాయి. పైది మీద గుడి కూడా. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ చేయించలేని పని. చేయడానికి ఇంకేమీ లేని మనిషి, దిగి వెళ్ళే తొందర లేని మనిషి, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాసిన రాత.

అప్పుడు ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందంటే, మంచు కదిలి, ఎండ వచ్చి, అరుగు సగం వెలిగింది.

“మీ మెషీన్ చెబుతుందా?” అని అడిగింది ఏడుపు మధ్యలో. “ఇక్కడున్న ఆకు కాలిస్తే తెలుస్తుందా, ఆ తర్వాత ఎన్నాళ్ళున్నారో?”

మేదినికి తెలుసు. ఆయన చుట్టూ ఒత్తుగా పెరిగిన మొక్కల్లో ఏ ముదురు ఆకు పెట్టినా, ఆయన ఆ నేలలో ఎప్పుడు కలిశాడో చదువరి రోజులతో సహా చెప్పేస్తుంది. అది చెప్పగలిగేలా చేసింది తనే.

“చెబుతుంది” అంది. “నేను అడగను. నువ్వూ అడక్కు.”

తల్లి తలూపింది. మేదిని లేచి, పలకలకి దూరంగా అరుగు ఈ చివరికొచ్చి, ఒక మొక్కని వేరుతో సహా జాగ్రత్తగా తీసి కాగితంలో పరిచింది. కొత్త చీటీ, పెన్సిలూ తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. “రాయమ్మా. నంబరు వరస తప్పకూడదు.”

నూకరత్నం 1149 అని వేసింది. తేదీ వేసింది. స్థలం దగ్గర పై రాసి, ద రాసి, గుడి తిప్పబోతే గీత సగంలో ఆగిపోయింది. అచ్చం ఆయన రాసినట్టే వచ్చింది. కూతురి మొహం చూడలేక ఆవిడ చీటీ వంకే చూస్తూ ఉండిపోయింది.

మేదిని వచ్చి పక్కన ఆనుకుని కూర్చుంది. ఆరు గంటల దారీ, అన్ని రోజులూ దూరంగా ఉంచిన భుజం తల్లి భుజానికి తగిలింది. తల్లి వేళ్ళలోంచి పెన్సిల్ తీసుకుని, ఆగిపోయిన గీతని నెమ్మదిగా చుట్టూ తిప్పి, గుడి మూసింది.